అనస్థీషియాలో ఎనిమిది నెలలైంది, మనసు సైకియాట్రీ మీద ఉంది. మారే దారి ఉందా?

పీఏసీ గది (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఎండీ అనస్థీషియా ఫస్టియర్ చేస్తున్నాను. కాలేజీ పేరు దయచేసి అడగొద్దు. సొంతూరు నల్లగొండ దగ్గర. నాన్న గవర్నమెంటు స్కూల్లో సోషల్ మాస్టారు, పోయినేడాదే రిటైరయ్యారు.

నాకు సైకియాట్రీలోకి మారాలని ఉంది. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

పీజీ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టిన రాత్రి మా ఇంట్లో పెద్ద సభే జరిగింది. నాన్న, మామయ్య, డాక్టరైన మా పెద్దనాన్న కొడుకు, ఫోన్ స్పీకర్‌లో ఇంకో ఇద్దరు. సైకియాట్రీ పైన పెడతానన్నాను. మామయ్య ఒకటే మాటన్నాడు: "పిచ్చి డాక్టరంటే రేపు సంబంధాలవాళ్లకి ఏం చెప్తాం?" అన్నయ్యేమో "అనస్థీషియా చేస్తే ఏ ఊళ్లో అయినా పని దొరుకుతుంది, సొంతంగా క్లినిక్ పెట్టే ఖర్చు లేదు" అన్నాడు. అందులో తప్పేం లేదు. తెల్లారేసరికి సైకియాట్రీ ఆప్షన్లు కిందికి జరిగిపోయాయి. సంతకం పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేను.

వారంలో రెండు రోజులు నాకు పీఏసీ ఓపీ. డాక్టర్లు కానివాళ్ల కోసం చెప్తున్నా: ఆపరేషన్‌కి ముందు మత్తుకి ఫిట్‌గా ఉన్నారో లేదో చూసే చెకప్ అది. పూటకి నలభై ఫైళ్లు వస్తాయి. నోరు తెరవమని గొంతు చూడాలి, మెడ వంచమనాలి, పెట్టుడు పళ్లున్నాయా, ఆస్తమా ఉందా, ఏం మందులు వాడుతున్నారు అని అడగాలి, రాయాలి, పంపాలి. మనిషికి ఐదారు నిమిషాలు. నాకు ఇరవై పడుతోంది.

మూడు నెలల కిందట ఒకాయన వచ్చారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, హెర్నియా ఆపరేషన్. బీపీ 176/100 అని సిస్టర్ రాసింది. మందులు సరిగ్గానే వేసుకుంటున్నారు. భార్య మందుల చీటీ కోసం బయటికెళ్లగానే కుర్చీ ముందుకి జరుపుకుని గొంతు తగ్గించి అడిగారు: "మెలకువొచ్చేటప్పుడు మనిషి లోపలున్నవన్నీ కక్కేస్తాడంట, నిజమేనా అమ్మా?" చచ్చిపోతానన్న భయం కాదు ఆయనది. భార్యకి తెలియకుండా ఊళ్లో ప్లాటు అమ్మేసి తమ్ముడి అప్పు తీర్చారట. మత్తులో అది బయటపడుతుందని వారం రోజులుగా నిద్రపోలేదు. మెలకువొచ్చే టైంలో పక్కన నేనే ఉంటాను, మీరు ఏమన్నా అది నా దగ్గరే ఆగిపోతుంది అని చెప్పాను. పది నిమిషాలాగి బీపీ మళ్లీ చూస్తే 142/86.

ఆపరేషన్ రోజు ఊపిరి కోసం గొంతులో వేసిన ట్యూబ్ తీశాక నిజంగానే వంగి చెవి పెట్టాను. "టైమెంతైంది?" అన్నారు, అంతే.

ఆ రోజు మా సీనియర్ మాత్రం బాగా తిట్టారు. "పీఏసీ అంటే కథలు వినడం కాదు, బయట ముప్పై మంది నిలబడున్నారు" అని. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ ఈ ఎనిమిది నెలల్లో నాకు పని అంటే ఇష్టమనిపించిన రోజులు లెక్కపెడితే అన్నీ అలాంటివే. మనిషి నిద్రపోయాక నాకు ఆ కేసు మీద ఆసక్తి సగం పోతుంది. అనస్థీషియా రెసిడెంటు నోట రావాల్సిన మాట కాదిది, నాకు తెలుసు.

ఈసీటీ గదిలో పోస్టింగ్ పడ్డప్పుడు ఇది ఇంకా ఖాయమైంది. జనం కరెంటు షాక్ అనేది దీన్నే. మత్తుకి థయోపెంటోన్ ఇచ్చి, కండరాలు వదులు చేసే స్కోలిన్ ఇచ్చే ముందు ఒక కాలి పిక్కకి బీపీ కఫ్ కట్టి గాలి బిగిస్తాం. స్కోలిన్ ఆ పాదంలోకి దిగదు. ఒళ్లంతా కదలకుండా పడి ఉంటే ఆ ఒక్క పాదంలోనే ఫిట్స్ కనపడతాయి. గదిలో అందరి కళ్లూ ఆ పాదం మీదే. ఫిట్స్ ఆగగానే అందరూ వెళ్లిపోతారు. ఊపిరి సరిగ్గా అందుకునేదాకా మాస్కు పట్టుకుని నేనొక్కదాన్నే ఉంటాను. ఒకబ్బాయి, ఇరవై ఏళ్లుంటాయి, మూడు వారాలుగా మాటా పలుకూ లేదు. నాలుగో షాక్ తర్వాత మా సిస్టర్‌ని మంచినీళ్లడిగాడట. నాకు తెలిసింది అంతవరకే. ఆ తర్వాత ఏం మాట్లాడాడు, ఎలా ఉన్నాడు అనేది సైకియాట్రీ వాళ్లకి తెలుస్తుంది, నాకు తెలియదు.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పేస్తాను. రెండు నెలల కిందట ఒక రాత్రి ఎమర్జెన్సీలో ట్యూబ్ నాకు రెండుసార్లు పడలేదు. సీనియర్ పరిగెత్తుకొచ్చి వేశారు. పేషెంటు క్షేమం. కానీ శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, పడుతుంటే మానిటర్ బీప్ సన్నగా దిగుతుంది కదా, ఆ దిగే శబ్దం ఇప్పుడు హాస్టల్లో స్నానం చేస్తుంటే కూడా వినిపిస్తోంది.

అడగాల్సింది ఇదీ: మన దేశంలో పీజీ మధ్యలో బ్రాంచి మార్చుకునే వీలేమైనా ఉందా? సీటు వదిలేస్తే ఏమవుతుంది? మీలో ఎవరైనా చేశారా? అమెరికాలో అయితే సులువుగా మారతారంటారు, అదైనా నిజమేనా?

---

స్లైడ్ బాక్స్

చేశాను కాబట్టి రాస్తున్నా. ఎంఎస్ జనరల్ సర్జరీ వదిలేసి పాథాలజీకి వచ్చాను. సర్జరీ చేరింది పక్క రాష్ట్రంలో, ఇప్పుడు హైదరాబాద్‌లో థర్డియర్.

ముందు చేదు మాట. మారడమనేది లేదు మేడమ్. ఒకసారి చేరిన పీజీ విద్యార్థికి ఏ పరిస్థితిలోనూ బదిలీ లేదని ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 పీజీ నిబంధనల్లోనే ఉంది. డీన్‌కి ఉత్తరం రాసినా, హెచ్‌ఓడీలు ఇద్దరూ ఒప్పుకున్నా కుదరదు. వదిలెయ్యాలి, మళ్లీ నీట్ పీజీ రాయాలి, మళ్లీ కౌన్సెలింగ్. ఉన్న దారి అదొక్కటే.

వదిలెయ్యడానికి బాండు అడ్డం. చేరినప్పుడు స్టాంపు పేపర్ల మీద గబగబా సంతకాలు పెట్టుంటారు, ఆ కాపీ బయటికి తీయండి. ఎంత కట్టాలి, తీసుకున్న స్టైపెండ్ వెనక్కివ్వాలా, కొన్నేళ్లు కౌన్సెలింగ్‌కి రానివ్వం అనే షరతుందా, ఈ మూడూ చూడండి. రాష్ట్రానికో రకం, ఏడాదికో రకం ఉంటాయి, పక్కవాడి బాండు చూసి లెక్క వేసుకోవద్దు. 2024 జనవరిలో ఎన్‌ఎంసీ ఈ సీటు వదిలే బాండు తీసేయమని రాష్ట్రాలకి ఉత్తరం రాసింది. చాలామంది అది పట్టుకుని "బాండు రద్దయిపోయింది" అంటారు. అది సలహా మాత్రమే. మీ కాగితం మీద ఏముంటే అదే లెక్క. అసలీ బాండు ఎందుకంటే, అడ్మిషన్ల గడువు దాటాక ఒకరు వెళ్లిపోతే ఆ సీటు మూడేళ్లూ ఖాళీగానే ఉంటుంది. యూనిట్‌లో ఒక మనిషి తగ్గుతాడు, వాడి డ్యూటీలు మిగతావాళ్ల నెత్తిన పడతాయి. నా బ్యాచ్‌మేట్లు ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. వాళ్లది తప్పనలేను.

డీఎన్‌బీ (ఎండీ, ఎంఎస్‌లకి సమానమైన ఇంకో పీజీ) సీటైతే ఇంకో మెలిక. మధ్యలో వదిలేసినవాళ్లు ఆ కోర్సు కాలం మొత్తం గడిచేదాకా ఇంకో డీఎన్‌బీలో చేరలేరు. మీది ఎండీ కాబట్టి ఇది చదివేవాళ్ల కోసం.

ఇక నా కథ. రాజీనామా ఇచ్చిన రోజుకీ వాళ్లు ఒప్పుకున్న రోజుకీ మధ్య పదకొండు వారాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో. మెస్ వాళ్ల నో డ్యూస్, లైబ్రరీ నో డ్యూస్, హాస్టల్ మంచం నో డ్యూస్. మంచానికి కోడు విరిగిందని నాలుగు వందలు కట్టించుకున్నారు, నేను చేరకముందే విరిగిన కోడది. బాండు డబ్బుకి అమ్మ బంగారం బ్యాంకులో పెట్టాం, మిగతాది బావ ఇచ్చాడు. ఆ బాకీ ఇంకా ఉంది. ఏ పెళ్లికి వెళ్లినా అమ్మ మెడ చూస్తాను.

తర్వాత ఏడాది చిక్కడపల్లి లైబ్రరీలో చదివాను. చుట్టూ గ్రూప్స్ వాళ్లు, కానిస్టేబుల్ పరీక్షల వాళ్లు, మధ్యలో నేను. పక్కన కూర్చునే అబ్బాయి ఒకరోజు నా పుస్తకం చూసి "అన్నా, నువ్వు ఆల్రెడీ డాక్టరువే కదా, మళ్లా ఇదేంది?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

సర్జరీ ఎందుకు వదిలానంటే నాకు రక్తం భయం కాదు, నిర్ణయం భయం. కత్తి చేతిలో ఉండగా పది సెకన్లలో తేల్చుకోవాలంటే నా చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు నెమ్మదిగా చూసి చెప్పే పని. తమాషా ఏంటంటే ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ మధ్యలో ముక్క పంపి వెంటనే ఫలితం అడిగేది) వచ్చిన రోజు సర్జన్ ఫోన్ పక్కన నిలబడి ఉంటాడు, ఇరవై నిమిషాల్లో నేనే తేల్చాలి. పారిపోయొచ్చింది మళ్లీ ఎదురైంది. కాకపోతే ఇక్కడ దాన్ని మోయగలుగుతున్నాను.

---

ఉచిత సలహాదారు

మామయ్య అన్నదాంట్లో కూడా కొంచెం ఆలోచించాల్సింది ఉంది కదా. పెళ్లయ్యాక హాయిగా ఆలోచించుకోవచ్చు. అనస్థీషియాలో ఏసీ గది, కూర్చుని చేసే పని.

---

సైక్ ఎస్‌ఆర్

పైన ఏసీ గది సార్‌కి ఒక నమస్కారం.

చెల్లీ, నేను సైకియాట్రీ పూర్తి చేసి ఎస్‌ఆర్‌గా, అంటే సీనియర్ రెసిడెంటుగా ఉన్నాను, హైదరాబాద్‌లోనే. మా బ్రాంచికి రమ్మనే అంటాను, మనుషులు చాలక చస్తున్నాం. కానీ కళ్లు తెరుచుకుని రా.

ఆ కండక్టరుగారికి నువ్విచ్చిన ఇరవై నిమిషాలు మా ఓపీలో దొరుకుతాయనుకుంటున్నావేమో. సోమవారం ఓపీలో నాకు మనిషికి ఐదు నిమిషాలు దాటదు. నిద్ర పడుతోందా, మందులు వేసుకుంటున్నాడా, గొంతులు వినిపించడం తగ్గిందా, ఒళ్లు బరువెక్కిందా. వెంటొచ్చిన అన్న పెట్రోలు ఖర్చు గురించి విసుక్కుంటుంటాడు. కొత్త కేసుకి గంట కూర్చోవడం, కుటుంబాన్ని పిలిచి మాట్లాడటం ఉంటాయి, అవే నన్ను నిలబెట్టాయి. అవి వారంలో ఐదారే. మిగతాదంతా ఓపిక. రాత్రి డ్యూటీలో మందు మానేసి వణికిపోతూ వచ్చినవాణ్ని నలుగురం పట్టుకుని ఇంజెక్షన్ చేసిన రోజులున్నాయి, నా కళ్లజోడు రెండుసార్లు పగిలింది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కాగితాలు సరేసరి. నువ్వు ఈసీటీ గదిలో నిలబడ్డావు కదా, ఆ చట్టం ప్రకారం మత్తూ స్కోలిన్ లాంటి మందూ లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం. అంటే నువ్వు రాకపోతే ఆ రోజు మా పని ఆగిపోతుంది. ఈ సంగతి మీ వాళ్లెవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడు ఒక డాక్టర్‌గా అడుగుతున్నా. నీ పోస్టులో ఎక్కువ భాగం ఇష్టం గురించి రాశావు. చివర్లో నాలుగు వాక్యాల్లో బీప్ శబ్దం గురించి రాసి వదిలేశావు. నేను మొదట చదివింది ఆ నాలుగు వాక్యాలే. ఆ రాత్రి తర్వాత నిద్ర ఎలా ఉంది? ట్యూబ్ వేసే పని, అదే ఇంట్యుబేషన్, వచ్చినప్పుడు ఏదో వంక పెట్టుకుని పక్కకి తప్పుకుంటున్నావా? ఈ మారాలనే ఆలోచన ఆ రాత్రికి ముందు ఎంతుండేది, తర్వాత ఎంతైంది? ఆ రాత్రి నుంచి తప్పించుకోడానికి సైకియాట్రీ సీటు పనికిరాదు, ఆ శబ్దం నీతోపాటే మా ఓపీకి వస్తుంది. దానికి వేరే వైద్యం ఉంది, అది బ్రాంచి వదలకుండానే చేయించుకోవచ్చు. మీ కాలేజీలో మా డిపార్టుమెంటు వాళ్లు తెలిసినవాళ్లని సంకోచమైతే బయట ఎవరినైనా చూడు. అర్ధరాత్రి మరీ భరించలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

మెడికల్ విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఎన్‌ఎంసీ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో రెసిడెంట్ల పని వారానికి 74 గంటలు దాటకూడదనీ ఒక రోజు సెలవుండాలనీ సిఫార్సు చేసింది. నువ్వు పోయిన వారం ఎన్ని గంటలు చేశావో ఒకసారి లెక్క వేసి చూడు. ఫస్టియర్‌లో ఏ బ్రాంచి అయినా తప్పు బ్రాంచిలాగే కనపడుతుంది.

---

పీఏసీ గది

సార్, లెక్క వేశాను. 91 వచ్చింది, అందులో ఆదివారం మొదలైన డ్యూటీ ఒక్కటే 31 గంటలు, ఒకే దమ్ములో. ఇంట్యుబేషన్ విషయం మీరెలా కనిపెట్టారో తెలియదు. అవును, ఈ మధ్య "నువ్వు వెయ్యి, నేను డ్రగ్స్ లోడ్ చేస్తా" అని నా కో-పీజీకి వదిలేస్తున్నాను. ఇది రాస్తుంటేనే తెలిసింది.

కానీ సైకియాట్రీ ఆ రాత్రి పుట్టింది కాదు సార్. ఇంటర్న్‌షిప్‌లో సైకియాట్రీ పోస్టింగ్ రెండు వారాలే అయినా అయిపోయాక కూడా మధ్యాహ్నాలు వెళ్లి కూర్చునేదాన్ని.

స్లైడ్ బాక్స్ గారూ, అమ్మ మెడ గురించి రాసింది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

---

ముసలి మత్తు డాక్టరు

తల్లీ, నలభై ఏళ్లు ఈ పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. నీ సీనియర్ తిట్టిందని బాధపడకు. ఆవిడకి బయట ముప్పై మంది కనపడ్డారు, నీకు లోపల ఒకడు కనపడ్డాడు. ఇద్దరూ కావాలి ఆ గదికి.

మాది ఎవరికీ మొహం గుర్తుండని బ్రాంచి అని నువ్వు అనలేదు కానీ అనుకునే ఉంటావు, నేనూ అనుకున్నాను. నువ్వు రోజూ ఫైలు మీద రాసే మల్లంపాటి గ్రేడు ఉందే, ఆ పేరు మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన శేషగిరిరావు మల్లంపాటి గారిది. 1985లో ఆ పేపరు వచ్చేనాటికి ఆయన అమెరికాలో ఉన్నారు. నోరు తెరిపించి, నాలుక బయటపెట్టించి గొంతులో ఏం కనపడుతోందో చూడటం, అంతే. మనిషి ఎదురుగా కూర్చుని చూసిన చూపులోంచి వచ్చిందది, మిషన్‌లోంచి కాదు.

ఇంకా వెనక్కి వెళ్తే హైదరాబాద్‌ది ఈ విద్యలో పెద్ద పేరు. 1888లో ఒకటి, 1889లో ఒకటి, క్లోరోఫాం మత్తు ఎంత భద్రమో తేల్చే కమిషన్లు రెండూ ఇక్కడే జరిగాయి. నిజాం డబ్బిచ్చాడు, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపాడు, రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. ఊపిరి ఆగాకే గుండె ఆగుతుందని తేల్చారు, అది తప్పని తర్వాత తేలింది. తప్పు తీర్పే అయినా ఊపిరి మీంచి కన్ను తీయొద్దన్న లారీ పాఠం మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివి క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. ముసలాడి సోది అనుకో, పర్లేదు.

పనికొచ్చే మాట చెప్తా. మా బ్రాంచిలోంచే పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం), పెయిన్ క్లినిక్ వైపు వెళ్లే దారులున్నాయి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. మార్ఫిన్ మోతాదు లెక్కలు నీకెలాగూ వస్తాయి. 2014లో మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) సవరించాక ఆ మందుకి లైసెన్సుల తిప్పలు కూడా తగ్గాయి. అక్కడ మందు ఇరవై నిమిషాల పని, మాట గంట పని. నేను చివరి ఆరేళ్లు అలాంటి చోట చేశాను. ఒకామె నన్ను నొప్పి తగ్గించమని అడగలేదు, "పిల్లకి ఎట్లా చెప్పాలె సారూ?" అని అడిగింది. ఏ ఎండీలోనూ అది నేర్పలేదు నాకు.

వెళ్లి ఒక రోజు చూడు. నచ్చకపోతే సైకియాట్రీ ఎక్కడికీ పోదు. మూడేళ్లు పూర్తి చేసి మళ్లీ నీట్ పీజీ రాసి రెండో ఎండీ చేసినవాళ్లూ ఉన్నారు. వయసు పెరుగుతుంది, ఇంట్లో గోల పెరుగుతుంది, కానీ బంగారం బ్యాంకుకి వెళ్లదు.

ఇక ట్యూబ్ పడకపోవడం. నాకు పడని రోజులు నీకు చెప్పాలంటే ఈ పేజీ చాలదు. రేపు సీనియర్‌ని అడిగి తేలిక కేసులు నాలుగు వరసగా చెయ్యి. పడకపోతే మాస్కుతో ఊపిరి అందిస్తూ సాయం పిలువు. ట్యూబ్ లేక చావరు తల్లీ, ఊపిరందక చస్తారు. సైకియాట్రీకి వెళ్లినా సరే, ఈ భయంతో మాత్రం వెళ్లకు.

---

మిషిగన్ నుంచి

అమెరికా గురించి అడిగారు కాబట్టి. నేను ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్ చేశాను, నా రూమ్మేట్ ప్రోగ్రాం మారాడు, దగ్గరుండి చూశాను.

వీలుంది, నిజమే. సులువు కాదు. ముందుగా ఎక్కడో ఖాళీ సీటు ఉండాలి. తీసుకునేవాళ్లు మీ పాత ప్రోగ్రాం నుంచి మీ పనితనం మీద రాతపూర్వక నివేదిక తెప్పించుకోవాలి. అంటే మీరు వెళ్లిపోదామనుకున్నది పాత డైరెక్టర్‌కి చెప్పక తప్పదు, ఆయన మంచి మాట రాయాలి. మ్యాచ్‌లో (ఇక్కడ సీట్లు కేటాయించే పద్ధతి) వచ్చిన సీటైతే కనీసం మొదటి 45 రోజులు అక్కడ పని చేసి తీరాలి. డబ్బు లెక్క కూడా ఉంది: రెసిడెంట్ల శిక్షణకి ఇక్కడి ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ ఆస్పత్రులకి డబ్బిస్తుంది, మొదట చేరిన బ్రాంచి ఎన్నేళ్లదో అన్నేళ్లే పూర్తిగా లెక్క కడుతుంది, ఆ పైన సగమే. అందుకే చిన్న కోర్సులోంచి పెద్ద కోర్సుకి మారతానంటే కొన్ని చోట్ల మొహం చిట్లిస్తారు. అనస్థీషియా, సైకియాట్రీ రెండూ ఇక్కడ నాలుగేళ్లే.

మనవాళ్లకి వీసా తలనొప్పి అదనం. శిక్షణకి ఇచ్చే జే-1 వీసా మీద వచ్చినవాళ్లు బ్రాంచి ఒక్కసారే మార్చుకోవచ్చు, అది కూడా వచ్చిన రెండేళ్లలోపే. నా రూమ్మేట్‌కి ఆ గడువు అయిపోవడానికి ఐదు వారాలుండగా సీటు దొరికింది. ఆ చలికాలంలో వాడు చేసిన ఫోన్ కాల్స్‌కి లెక్కలేదు. వారానికి 80 గంటల పరిమితి ఉంది కదా అంటారు, అది నాలుగు వారాల సగటు. ఒక వారం నూరు కూడా పడొచ్చు.

మీ 91 చూసి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

---

పీఏసీ గది

అందరికీ విడివిడిగా రాయలేకపోయినందుకు మన్నించండి. ఇప్పటిదాకా జరిగింది రాస్తాను.

శనివారం ఊరికి వెళ్లాను. ఎంజీబీఎస్‌లో నల్లగొండ బస్సెక్కి కూర్చున్నాక భయం పట్టుకుంది. ఏమని మొదలుపెట్టాలో నార్కట్‌పల్లి దాటేదాకా తట్టలేదు. చివరికి నేను మొదలుపెట్టనే లేదు, బాండు కాపీ తీసి నాన్న చేతిలో పెట్టానంతే. మాస్టారు కదా, ఎర్ర పెన్ను తెచ్చుకుని కూర్చున్నారు. నాలుగు పేజీలూ రెండుసార్లు చదివారు. కట్టాల్సిన మొత్తం కింద గీత గీశారు. స్టైపెండ్ దగ్గర ఒక ప్రశ్న గుర్తు పెట్టారు. మూడో పేజీలో ఒక అచ్చు తప్పు కూడా దిద్దారు.

తర్వాత అడిగారు, "ఆ రాత్రి పేషెంటు బాగున్నాడా ఇప్పుడు?" అని. నేను ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎలా తెలిసిందంటే, పండక్కి వచ్చినప్పుడు నిద్రలో "శాచురేషన్, శాచురేషన్" అన్నానట. మత్తులో జనం కక్కేస్తారా అని అడిగిన కండక్టరుగారు గుర్తొచ్చారు.

మామయ్య సంగతి తాను చూసుకుంటానన్నారు. అంత డబ్బు ఇప్పుడు లేదని కూడా అన్నారు. రిటైర్మెంట్ డబ్బులో సగం ఇంటి స్లాబుకి పోయింది, తెలిసిందే. తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు ఇంకా రెండేళ్లుంది. నేను అడగకముందే అన్నీ ఒక కాగితం మీద వేసి చూపించారు, చివర్లో "తప్పదంటే చూద్దాం" అని రాసి మడిచి నా బ్యాగులో పెట్టారు.

ఇప్పటికైతే వదలట్లేదు. సైక్ ఎస్‌ఆర్ సార్, మీరన్నట్టు మా కాలేజీ బయట ఒక మేడమ్‌ని చూశాను, రెండోసారి వచ్చే బుధవారం. ఇంట్యుబేషన్లు వారంలో ఐదు చేశాను, ఒకదానికి చేతులు వణికాయి, పడింది. హెచ్‌ఓడీ సార్‌తో మాట్లాడి పది రోజుల సెలవు అడిగాను, నాలుగిచ్చారు. రెండు రోజులు రెడ్‌హిల్స్‌లో కూర్చోనిస్తారేమో కనుక్కుంటున్నాను, రెండు రోజులు సైకియాట్రీ ఓపీలో మూల కుర్చీలో. ఆ తర్వాత కూడా సైకియాట్రీయే అనిపిస్తే మళ్లీ ఇక్కడే రాస్తాను, అప్పుడు స్లైడ్ బాక్స్ గారిని మంచం కోడు దగ్గర్నుంచి అన్నీ అడుగుతాను.

మా సీనియర్ పీఏసీకి ఒక పద్ధతి పెట్టారు. ఫైళ్లన్నీ తను గబగబా చూసేస్తారు, బీపీ ఎక్కువున్నవాళ్లనీ బాగా భయపడుతున్నవాళ్లనీ పక్క గదిలో నా దగ్గరికి పంపిస్తారు. "కథలు నీకు, గొంతులు నాకు" అన్నారు.

రేపు శుక్రవారం, పీఏసీ రోజు. సిస్టర్ ఇప్పుడే మెసేజ్ పెట్టింది, 46 ఫైళ్లట.